కడుపు తీయించుకున్న ఆమెకు పాపం ఎవరు అంటగట్టారు?



కడుపు తీయించుకున్న అమ్మాయి "పాపం చేశానేమో" అని కుమిలిపోతే, అది ఆమె మనసు సంగతి అని వదిలేస్తాం. తెలుగు పాఠం చెప్పుకునే నాకు ముందు ఆ మాట మీదే అనుమానం. ఆ పాపం ఆమె కడుపున పుట్టింది కాదు, రాసిపెట్టింది.

చచ్చాక ఏ ఆడవాళ్లకు నీళ్లు వదలకూడదో మనుస్మృతి అయిదో అధ్యాయం చెబుతుంది. గర్భానికి ద్రోహం చేసినామెను, మొగుడికి ద్రోహం చేసినామెను అక్కడ ఒకే సమాసంలో కట్టేశారు. మనువు తర్పణాలు మన పేటల కోసం రాసినవి కావు. అయినా ఆ పాపం మాత్రం పేట దాకా నడిచొచ్చింది. 1860లో తెల్లవాళ్ల శిక్షాస్మృతి 312వ సెక్షన్ ఆ పాపాన్ని నేరం చేసింది. తన గర్భం తానే తీసుకున్న స్త్రీ కూడా దోషే.

1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ మనుస్మృతిని తగలబెట్టించారు. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో ఆయన తరఫున పి.జె. రోహం సంతాన నియంత్రణ తీర్మానం పెట్టారు. కారణం ఏదైనా సరే, బిడ్డ వద్దనుకున్న స్త్రీకి గర్భం రాకుండా చూసుకునే వీలుండాలి, నిర్ణయం ఆమెదే కావాలి అన్నది వాదన. తీర్మానం వీగిపోయింది.

1971 గర్భస్రావ చట్టం ఆమె మనసును గుర్తించింది, కొలతలు పెట్టి. అత్యాచారం వల్ల వచ్చిన గర్భం, పెళ్లైనామెకు గర్భనిరోధకం విఫలమై వచ్చిన గర్భం కలిగించే వేదనను మానసిక ఆరోగ్యానికి హానిగా ఒప్పుకుంది. పెళ్లికాని ఆమె వేదన ఆ లెక్కలోకి రావడానికి 2021 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. 24 వారాల గడువు ఆమెకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చింది. మానసిక ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదని కూడా చెప్పింది.

చట్టం మారింది, మాట మారలేదు. లింగ నిర్ధారణకు వ్యతిరేకంగా వేసిన గోడరాతల్లోనూ "భ్రూణహత్య" అనే ఉంటుంది. అది చదివిన అమ్మాయి తానూ హంతకురాలినేనా అనుకుంటుంది.

ఆమెకు దుఃఖం ఉండొచ్చు, ఊరట ఉండొచ్చు, రెండూ ఒకేసారి ఉండొచ్చు. అవి ఆమెవి. పాపభయం మాత్రం ఆమెది కాదు. హాస్టల్లో మీ పక్క మంచం మీద అలాంటి అమ్మాయి ఉంటే కారణం అడగకండి. పద్దెనిమిదేళ్లు నిండితే మొగుడి సంతకం, తండ్రి సంతకం చట్టం అడగదని చెప్పండి. ఆస్పత్రికి తోడు వెళ్లండి. తర్వాత నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా డాక్టర్ దగ్గరికి మళ్లీ తోడు వెళ్లండి.