ఆకుకూర నుండి మాత్ర వరకు

మన జంషెడ్పూరు నగరమున జూబిలీ పార్కునందు ఉదయవేళ వ్యాహ్యాళి చేయు పెద్దల సంభాషణ నాలకించినవారికి ఒక సంగతి స్ఫురింపక మానదు. పూర్వము ఉద్యోగములు, బదిలీలు, పిల్లల వివాహములు వారి ప్రసంగవిషయములై యుండెడివి. ఇప్పుడు వానితోపాటు మాత్రల పేర్లును వినవచ్చుచున్నవి. ఒకరు విటమిను-ఇ సేవించుచున్నారు, వేరొకరు సెలీనియము, మరియొకరు ఏదో మూలికాచూర్ణము. ఏల యని యడిగినచో గొంతు తగ్గించి, "ప్రోస్టేటు కొరకు" అందురు.

ప్రోస్టేటును తెలుగున పౌరుషగ్రంథి యందురు. ఇది పురుషులకు మూత్రాశయము దిగువను, మూత్రనాళమును చుట్టుకొని యుండు చిన్న గ్రంథి. వయస్సు మీరినకొలది ఇది పెరుగుట సామాన్యము. పెరిగి నాళమును నొక్కినచో ధార సన్నగిల్లును. రాత్రులందు పలుమార్లు లేవవలసి వచ్చును. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. క్యాన్సరు వేరు వ్యాధి. తొలిదశయందు అది తరచుగా ఏ లక్షణమును చూపదు. ఉన్నది ఏదియో వైద్యపరీక్షవలననే తేలవలెను గాని ఊహవలన తేలదు.

నేనెరిగిన పెద్దలొకరు, ఉద్యోగవిరమణ చేసి ఇచ్చటనే స్థిరపడినవారు, ఈ బాధను బిడియముచే ఎవ్వరికిని చెప్పక రెండేండ్లు మాత్రలతోను చూర్ణములతోను గడపిరి. ఒకనాటి రాత్రి మూత్రము పూర్తిగా బంధింపబడెను. ఆస్పత్రికి గొనిపోగా వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్నినాళ్లు ఏమి చేసితిరి?" అని. ఆయన తలవంచి, "బలమునకు మందులు పుచ్చుకొనుచునే యున్నాను బాబూ" అనిరి. దైవానుగ్రహమున అది క్యాన్సరు కాలేదు. శస్త్రచికిత్స జరిగి ఆయన నేడు సుఖముగా నున్నారు. కాని ఆ ప్రత్యుత్తరము నా మనస్సున నిలిచిపోయినది. ఈ "బలమునకు మందు" అను భావము ఎచ్చట పుట్టినది? దాని చరిత్రను వెదకగా ఒక ఆంధ్రుని నామము ముందుకు వచ్చినది. అందుచే ఆ కథను మన సంచికయందు విన్నవించుచున్నాను.

1928వ సంవత్సరమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నగరమునకు వచ్చెను. అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలకు గర్భకాలమున రక్తము క్షీణించి ప్రాణాపాయము కలుగుచుండెను. ఇది సూక్ష్మజీవులవలన గాక ఆహారలోపమువలన కలుగుచున్నదని ఆమె అనుమానించెను. మార్మైటు అను ఈస్టు సారమును తినిపించినచో ఆ స్త్రీలు కోలుకొనుచున్నారని 1931లో లోకమునకు వెల్లడించెను. అందలి గుణకారి పదార్థమేదియో అప్పటికి తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అట్టి పదార్థమును లేశమాత్రముగా వేరుచేసి, ఆకునుండి లభించినది గావున లాటిను భాషననుసరించి ఫోలిక్ ఆమ్లము అని పేరిడిరి.

దానిని ప్రయోగశాలయందు నిర్మించిన బృందమునకు నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మదరాసున వైద్యవిద్య నభ్యసించిరి. వారి సోదరులిద్దరు స్వల్పవ్యవధిలోనే స్ప్రూ అను గ్రహణీరోగముచే మరణించిరి. సుబ్బారావుగారు స్వయముగా ఆ రోగము పాలుగాగా, ఆయుర్వేదవిశారదులైన ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికిరి. పిమ్మట అమెరికా చేరి, హార్వర్డునందు ఫిస్కుగారితో గూడి పరిశోధనలొనర్చి కీర్తిగాంచిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ సంస్థయందు చేరిరి. 1945లో వారి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా నిర్మించుటలో జయమందెను. తన సోదరులను హరించిన స్ప్రూ రోగమున అది గుణకారి యని కొద్దికాలముననే తేలెను. ఇంతకంటె పరిపూర్ణమైన ప్రతీకారము వేరొకటి యుండునా?

కాని కథ ఇచ్చట ముగియలేదు. జీవకణము రెండుగా చీలుటకు ఫోలికామ్లము అవసరము. రక్తము నిర్మించు మజ్జ కణములు నిరంతరము చీలుచుండును గనుక కొరత మొదట వానియందే కనబడును. అయితే క్యాన్సరు కణములును నిరంతరము చీలునవియే గదా! బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఫోలికామ్ల సంబంధమైన పదార్థముల నిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా వేగము పుంజుకొన్నట్లు తోచెను. అంతట ఆయన ఎదురుదారి పట్టెను. ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిను అను పదార్థమును సుబ్బారావుగారి బృందమే తయారుచేసి యిచ్చెను. 1948లో ప్రకటించిన ఫలితముల ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగెను. దాని సోదరౌషధమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. అదే సంవత్సరము ఆగస్టున సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున దివంగతులైరి. పోషకమును, దాని ప్రతిపక్షమును రెంటిని లోకమునకిచ్చిన ప్రయోగశాల ఒక్కటే యనుట గమనింపదగినది.

ఈ పాఠమును లోకము మరచెను. కొరతను తీర్చిన మాత్ర, కొరత లేనివారికి మరింత మేలుచేయునను నమ్మిక ప్రబలెను. ఫిన్లండునందు పొగత్రాగు పురుషులు 29,133 మందిపై జరిపిన పరిశోధన 1994లో వెలువడెను. బీటా కెరోటీను పుచ్చుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా హెచ్చెను. విటమిను-ఇ పుచ్చుకొన్నవారిలో మాత్రము ప్రోస్టేటు క్యాన్సరు తక్కువగా కనబడెను. 1996లో మరియొక పరిశోధన సెలీనియము విషయమున అట్టి ఆశనే కల్పించెను. రెండును అన్యవ్యాధులకై ఏర్పాటు గావింపబడిన పరిశోధనలు. ప్రోస్టేటు సంగతి వానియందు ప్రసంగవశమున తేలినది మాత్రమే.

ఆ ఆశను పరీక్షించుటకై 2001లో అమెరికా, కెనడా, పోర్టోరికోలయందు 35,533 మంది పురుషులతో బృహత్పరిశోధన ఆరంభమయ్యెను. కొందరికి విటమిను-ఇ, కొందరికి సెలీనియము, కొందరికి రెండును, కొందరికి ఉత్తమాత్రలును ఇచ్చిరి. ప్రయోజనము కానరామిచే 2008లో మాత్రలు నిలిపివేసిరి. 2011 నాటి లెక్కలో విటమిను-ఇ మాత్రమే పుచ్చుకొన్నవారికి ప్రోస్టేటు క్యాన్సరు 17 శాతము అధికముగా వచ్చినట్లు తేలెను. గ్రంథి పెరుగుదలకై విక్రయింపబడు సా పామెట్టో యను పొట్టి తాటిజాతి చెట్టు పండ్ల సారమును గూడ 2006, 2011 సంవత్సరములలో పరీక్షించిరి. ఉత్తమాత్రకంటె మేలు కలుగలేదు.

మన సుబ్బారావుగారి ఫోలికామ్లమునకును ఈ పరీక్ష తప్పలేదు. పెద్దప్రేగునందలి కంతులను నివారింపవలెనని దినమునకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఇచ్చిన ఒక పరిశోధనలో 643 మంది పురుషులుండిరి. 2009లో ప్రకటించిన అంచనా ప్రకారము పదేండ్లలో ప్రోస్టేటు క్యాన్సరు బయల్పడు సంభావ్యత మాత్ర పుచ్చుకొన్నవారికి 9.7 శాతము, ఉత్తమాత్ర వారికి 3.3 శాతము. ఆహారమునుండి ఫోలేటు లభించినవారిలో ఇట్టి కీడు కానరాలేదు. న్యాయముగా మరియొక మాట చెప్పవలెను. 2013లో 13 పరిశోధనలను, సుమారు 50,000 మందిని కలిపి లెక్కింపగా, ప్రోస్టేటు క్యాన్సరు నిశ్చయముగా హెచ్చినట్లు తేలలేదు. కావున భయపడనక్కరలేదు, అయితే తగ్గినట్లును తేలలేదు. మేలు లేనప్పుడు సాహసమెందుకు?

ఉక్కునగర వాసులమైన మనకు ఈ సూక్ష్మము వింత కారాదు. ఇనుమునందు కర్బనము కొద్దిగా చేరినప్పుడు అది దృఢమైన ఉక్కగును. అదే కర్బనము మూడు, నాలుగు శాతములకు హెచ్చినచో సుత్తిదెబ్బకు పగులు పోత ఇనుమగును. పదార్థము ఒక్కటే, మోతాదు వేరు.

దీనినిబట్టి ఫోలికామ్లము చెడ్డదని ఎవ్వరును భావింపరాదు. శిశువు వెన్నుపాము లోపముతో పుట్టిన తల్లులకు, మరల గర్భధారణకు పూర్వమునుండియే ఫోలికామ్లమిచ్చినచో ఆ లోపము తిరిగి కలుగుట 72 శాతము తగ్గునని 1991లో బ్రిటను పరిశోధకులు నిరూపించిరి. గర్భిణులకు వైద్యులిచ్చు ఇనుము, ఫోలికామ్లపు మాత్రలు ప్రాణదాయకములు. మన ఇండ్లలోని ఆడపడుచులు వానిని మానరాదు. మెథోట్రెక్సేటు వాడువారికి వైద్యుడు వ్రాసిన ఫోలికామ్లమును అట్లే మానరాదు. కొరతయో అవసరమో యున్నచోట అది అమృతము.

1918లో కూనూరున అంకురించి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను నామము ధరించిన పరిశోధనాలయము పురుషునకు దినమునకు 300 మైక్రోగ్రాముల ఫోలేటు చాలునని 2020లో నిర్ణయించినది. దుకాణములలో దొరకు ఫోలికామ్లపు మాత్రలలో పెక్కింట 5 మిల్లీగ్రాములుండును; అనగా దానికి పదునారు రెట్లకు పైమాట. సాక్చి సంతలో దొరకు పాలకూర, తోటకూర, మునగాకు, మన వంటింటి కందిపప్పు, పెసలు, శనగలు ఈ పోషకమును తగుమాత్రముగా నిచ్చును. ఇవి ప్రోస్టేటు వ్యాధికి మందులని నేననుట లేదు. అన్నముతోపాటు తినవలసిన అన్నమే యనుచున్నాను.

కావున పెద్దలకు నా మనవి ఒక్కటే. ధార సన్నగిల్లినను, రాత్రి నిద్ర చెడినను, మూత్రమున రక్తము కనబడినను మాత్రల దుకాణమునకు గాక వైద్యుని కడకు పొండు. బిడియమును వీడుడు. పుచ్చుకొను మాత్రలన్నిటిని సంచిలో వేసికొనిపోయి ఆయనకు చూపుడు. సోదరుల మరణమును మరువక జీవితమంతయు పరిశోధనకు ధారపోసిన భీమవరపు బిడ్డకు మనమొనర్పదగిన నివాళి, ఆయన ఇచ్చిన ఔషధమును అవసరమెరిగి వాడుటయే.