మార్కాపురపు పలక – పసివారి చిత్రకళ

శరదృతువుతోపాటు తెలుగింటి పిల్లల చేతికి పలకయు బలపమును వచ్చుట చిరకాలముగా నున్న ఆచారము. నవరాత్రులలో సరస్వతీపూజనాడు పుస్తకముల ప్రక్కన పలకను కూడ పీటపై నుంచి పసుపుకుంకుమలతో పూజింతురు. విజయదశమినాడు పెక్కుచోట్ల పసివారికి అక్షరాభ్యాసము జరుగును. ఆనాడు పళ్లెములోని బియ్యముపై వ్రేలితో దిద్దించిన మొదటి అక్షరము మరుక్షణమే చెరిగిపోవును. దానిని ఎవ్వరును దాచుకొనరు. బిడ్డ వ్రాసెనన్నదే ఇంటిల్లిపాదికి సంతోషము.

ఈ చిన్న ఆచారమునందు ఒక పెద్ద విద్యాసూత్రము ఇమిడియున్నది. పసివారి కళలో ముఖ్యమైనది చేయుటయే గాని, చేసిన వస్తువు కాదని నేటి శిశువిద్యావేత్తలు చెప్పుచున్నారు. ఆ సూత్రమునకు మనకు లభించిన చక్కని సాధనము పలక. ఆ పలకకు పేరుపొందిన ఊరు నల్లమలకు తూర్పుననున్న మార్కాపురము. కనుక పలక చరిత్రను, దానిని చేసిన ఊరి చరిత్రను కలిపి చెప్పుట మా ఉద్దేశము.

రాతిపలక రాకపూర్వము మన పిల్లలు దేనిపై వ్రాసిరి? 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిని తెలుపుడని కలెక్టర్లను కోరెను. మరుసటి సంవత్సరము బళ్లారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదికలో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. బాలుడు మొదట నేలపై ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. చేయి కుదిరిన పిదప ఒక అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల కొయ్యపలకకు అన్నమును బొగ్గుపొడిని పూసి దానిపై వ్రాసెడివాడు. లేదా గంజిపెట్టి బొగ్గును బంకను పట్టించి మడతలు పెట్టిన గుడ్డపై, అనగా కడితముపై, తెల్లని బలపముతో వ్రాసెడివాడు. తడిగుడ్డతో తుడిచిన రెండును మరల క్రొత్తవగును. ఆ కాలమున మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు కడప జిల్లాలో నుండెను. బళ్లారియు కడపయు 1800లో నైజాము ఆంగ్లేయుల వశము చేసిన దత్తమండలములలోనివే. కావున ఆ ఇరుగుపొరుగు సీమల బడులలో పద్ధతులు దాదాపు ఒకటియేయని తలచుట తప్పు కాదు.

ఇసుకలో వ్రాయు ఈ పద్ధతి సముద్రములు కూడ దాటినది. మద్రాసులో ఎగ్మూరు అనాథబాలుర ఆశ్రమమునకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్, మన పిల్లలు ఇసుకలో దిద్దుకొనుట చూచి తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో ఆయన ప్రకటించిన గ్రంథమువలన అది మద్రాసు పద్ధతియను పేరుతో ఇంగ్లండు బడులకు చేరెను.

ఐరోపాలో శిశువిద్యకు బాటవేసిన జర్మను పండితుడు ఫ్రోబెల్ తన కిండర్‌గార్టెనులో పిల్లలకు పలకనే ఇచ్చెను. అయితే ఆ పలకపై గళ్లు గీసియుండెను. బిడ్డ ఆ గళ్ల వెంబడి గీయవలెను. 1897లో వియన్నాలో బాలచిత్రకళాతరగతిని నెలకొల్పిన ఫ్రాంజ్ సిజెక్ మరియొక అడుగు ముందునకు వేసెను. పెద్దల బొమ్మలకు నకళ్లు తీయించుటకు బదులు, బిడ్డ తన మనస్సులోని దానిని తన రీతిగా గీయుటయే కళ యని ఆయన చూపెను. మన దేశమున గాంధీమహాత్ముడు అక్షరములు నేర్పుటకు ముందు బొమ్మలు గీయుట నేర్పవలెనని తన ఆత్మకథలో అభిప్రాయపడెను.

ఇక మార్కాపురపు రాయి సంగతి. వందకోట్ల సంవత్సరములకు పూర్వము నీటి అడుగున పేరుకొనిన సన్నని బురద, భూమి ఒత్తిడివలన గట్టిపడి పొరలరాయిగా మారినది. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథమున కడప, కర్నూలు శిలలను వర్ణించెను. నేడును ఈ రాతిశ్రేణిని శాస్త్రజ్ఞులు కంభము పేరుతోనే వ్యవహరించుచున్నారు. గనినుండి తీసిన బండను ఉలితో పొరలుగా చీల్చి, కొలతకు కోసి, ముఖమును నునుపుచేసి, చుట్టును కొయ్యచట్రము బిగించినచో పలక సిద్ధమగును. 1858 నుండి కర్నూలు జిల్లాలోనుండిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పేరు వచ్చినది. ఇన్ని మార్పులలోను పలక ఆ ఊరి పేరును విడువలేదు.

అయితే ఈ చరిత్రలో బాధాకరమైన పుట ఒకటి కలదు. ఎవరి చేతిలో ఉండుటకు పలక పుట్టినదో, ఆ పిల్లలే దానిని చేయు పనిలో చిక్కుకొనిరి. బడిలో కూర్చుండవలసిన ఈడున రాతిధూళి నడుమ కూర్చుండి, తాము వ్రాయని పలకలను ఇతరుల పిల్లలకై తయారుచేసిరి. రాతిధూళి ఊపిరితిత్తులకు ఎంత హానికరమో వేరుగా చెప్పనక్కరలేదు. 1986లో బాలకార్మిక నిషేధ నియంత్రణ చట్టము వచ్చెను. 1987లో ప్రకటించిన జాతీయ బాలకార్మిక విధానమున ప్రత్యేక ప్రణాళికలకై ఎన్నుకొనిన పరిశ్రమలలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు మొదలగువానితోపాటు మార్కాపురము పలకలు కూడ చేరెను. ఆరు నుండి పదునాలుగు సంవత్సరముల వయస్సుగల బాలబాలికలకు ఉచిత నిర్బంధవిద్య 2009 చట్టమువలన హక్కైనది. పలకను మెచ్చుకొనువారు ఈ సంగతిని మరువరాదు. కళ పసివానికి ఆట కావలెను, కూలి కారాదు.

నేడు కాగితపు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలకకు గిరాకి తగ్గినది. మార్కాపురపు రాయి నేలకును గోడలకును పరచు బిళ్లలుగా దేశాంతరములకు పోవుచున్నది. పలక వెనుకబడినను, అది నేర్పిన పాఠము వెనుకబడరాదు.

శరత్తనగానే రాలు ఎఱ్ఱని ఆకులను పిల్లలచేత గీయించుట శీతలదేశముల పద్ధతి. అక్కడ అది సహజమే. మన నల్లమలలో ఆకురాలు కాలము శిశిరము. శరత్తు వానలు వెలిసి కొండ పచ్చబడిన కాలము, తంగేడు పూచు కాలము, సీతాఫలములు పండు కాలము. కనుక మన బిడ్డకు మన శరత్తునే చూపుదము. తంగేటిరెమ్మను పలకపైనుంచి దాని అంచువెంట బలపము నడపనిండు. చింతగింజలను తనకు తోచిన వరుసలలో పేర్చి, కలిపివేసి, మరల పేర్చుకొననిండు. తడివ్రేలితో పలకపై గీసిన గీత ఎండకు ఎట్లు మాయమగునో చూడనిండు. దీనికి ఖర్చు లేదు. ఒక పెద్దవారు ప్రక్కన కూర్చుండిన చాలును.

అట్లు కూర్చుండిన పెద్దలు రెండు పనులు మానవలెను. బిడ్డ గీయుచుండగా ఇది ఏనుగా, ఎలుకా యని నిలదీయరాదు. తాము ముందుగా బొమ్మ వేసి, అట్లే గీయుమని చెప్పరాదు. ప్రక్కింటి బిడ్డ బొమ్మతో పోల్చుట అంతకంటెను చెడ్డది. ఏమి చేయుచున్నావో చెప్పుమని మెల్లగా అడిగిన, ఆ నాలుగు గీతలవెనుక ఎంత కథ కలదో బిడ్డయే చెప్పును.

కాగితముపై గీత తప్పినచో కాగితము చెడెనని మందలించు ఇండ్లు కలవు. పలకపై అట్టి భయము లేదు. తడిగుడ్డతో తుడిచి మరల మొదలిడవచ్చును. ఈ దసరాకు పూజాపీఠముపై నుంచిన పలకను పండుగ కాగానే అటకపైకి చేర్పక, బిడ్డ చేతికి ఇండు. ఇచ్చునప్పుడు, ఒకప్పుడు ఆ పలకలను చేసిన చిన్నచేతులను కూడ తలచుకొని, మీ వీధిలో బడికి పోని బిడ్డ ఎవరైన ఉన్నచో ఆ చేతికిని ఒకటి అందునట్లు చూడుడు.