రద్దు ఒక్కటే చాలదు

పెదబయలు ఉన్న విశాఖ ఏజెన్సీ కొండల్లో, ముఠా అనే ఊళ్ల గుంపు మీద శిస్తు వసూలు చేసే ముఠాదారీ పద్ధతి చట్టప్రకారం పోయింది 1969 రెగ్యులేషన్‌తో. దాని పేరులోనే రెండు పనులున్నాయి: ముఠాల రద్దు, వాటిని రైత్వారీలోకి మార్చడం. ముఠాదారు పేరు కొట్టేస్తే సరిపోదని, అతని కింద సాగైన భూమికి పట్టా ఎవరి పేర రాయాలో కూడా తేల్చాలని దాన్ని రాసినవాళ్లకు తెలుసు. (అమలు సంగతి వేరే కథ.) ఎంత తీసేసినా పోని సాఫ్ట్‌వేర్ చరిత్ర చూస్తే, అక్కడ కొరవడింది ఈ రెండో పనే.

డాస్ రోజుల్లో ప్రోగ్రామంటే చాలావరకు ఒక డైరెక్టరీ; అది చెరిపేస్తే పీడ విరగడయ్యేది. విండోస్‌లో పలు ప్రోగ్రాములు ఒకే డీఎల్ఎల్ ఫైలును, ఊరుమ్మడి బావిలా, పంచుకోవడం మొదలైంది. 1995లో విండోస్ 95 యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్ జాబితా ఇచ్చింది గానీ, అక్కడ మీట నొక్కితే నడిచేది సాధారణంగా ఆ ప్రోగ్రాము తన వెంట తెచ్చుకున్న అన్ఇన్‌స్టాలరే. ఖాళీ చేసే అద్దెదారే సామాను లెక్క రాసుకున్నట్టన్నమాట. ఉమ్మడి ఫైలును ఎందరు వాడుతున్నారో రిజిస్ట్రీలో ఒక అంకె ఉండేది. వచ్చిన ప్రోగ్రాము దానికి ఒకటి కలపాలి, పోయేది ఒకటి తగ్గించాలి. కలపడం మరిచినవీ, తగ్గించడం మరిచినవీ ఉండటంతో లెక్క తప్పింది. ఇక ఈ ఫైలు ఎవరికీ అక్కర్లేనట్టుంది, తీసేయనా అని తెర మీద ప్రశ్న వచ్చేది. యంత్రానికే తెలియని సంగతి మనిషికేం తెలుస్తుంది? వద్దులే అనేవాడు. చెత్త అలా పేరుకుంది.

ఇదంతా కంపెనీల కుట్ర అనేవాళ్లున్నారు. కొంత నిజమే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఆ జాబితాలో చేర్చకపోవడం పోటీని దెబ్బతీయడమేనని 2001 జూన్‌లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. కానీ తర్వాత ప్రభుత్వంతో మైక్రోసాఫ్ట్ చేసుకున్న ఒప్పందంతో ఈ విషయంలో వచ్చిందల్లా దాని ఐకాన్లు దాచుకునే వీలే. వేరే ప్రోగ్రాములు ఆసరా చేసుకున్న లోపలి కోడ్ అలాగే ఉండిపోయింది. బలవంతంగా పీకేస్తే పోలేదా అంటే, ఇన్‌స్టాల్ రికార్డులను అలా చెరపడానికి మైక్రోసాఫ్టే ఇచ్చిన ఇన్‌స్టాలర్ క్లీనప్ పనిముట్టు పక్క ప్రోగ్రాములను ఒక్కోసారి పాడుచేస్తోందని 2010లో వాళ్లే వెనక్కి తీసుకున్నారు.

మన డీటీపీ సెంటర్లలో ఈ మొండితనం ఇంకో రూపంలో ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షన్ లేదు. అదే ఏడాది విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటూ వచ్చింది. అయినా పేజ్‌మేకర్, దానితో వాడే యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లు కదల్లేదు. వాటిని అన్ఇన్‌స్టాల్ చేయడం నిమిషాల పని. మర్నాడు పాత శుభలేఖ ఫైలు మాత్రం తెరుచుకోదు; వేరే ప్రోగ్రాములో ఎలాగో తెరిచినా, వధూవరుల పేర్ల చోట రోమన్ అక్షరాలూ వింత గుర్తులూ కనిపిస్తాయి. ఫైలులో దాచింది తెలుగు అక్షరాన్ని కాదు, దాని ముక్కల బొమ్మల నంబర్లను. అలవాటు వదలని ఆపరేటర్ల బద్ధకమని తీసిపారేసేవాళ్లు ఈ ఫైళ్లను లెక్కలోకి తీసుకోరు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు లేకపోలేదు. కానీ పెదబయలు పక్క మండలం ముంచంగిపుట్టు పేరే తీసుకోండి: చివరి ‘ట్టు’లో కొమ్ము ముందా, ఒత్తు ముందా అన్నది పాత ఫాంటుకు ఒక వరస, యూనికోడ్‌కు ఇంకో వరస. ఆ వరస మార్చడంలో కన్వర్టరు తడబడితే మనిషి కూర్చుని ప్రూఫు దిద్దాల్సిందే.