చేతిలో ఆకురాయి

"ఏట్రా, పొద్దున్నే ఏసుకొచ్చీసావేటి?"

ఫిట్టర్ సెక్షన్ ఇన్‌స్ట్రక్టర్ అరుపుకి వైస్‌ల దగ్గరున్న కుర్రాళ్లంతా తలెత్తారు. విశాఖలో ఒక ఐటీఐ. ఏప్రిల్ నెల, రేకుల షెడ్డు. "లేద్సార్" అనబోయాడు ఒక కుర్రాడు. మాట ముద్దగా వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. రెండడుగులేసి తూలాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"తాగలేద్సారూ," పక్క వైస్ కుర్రాడు ఫైల్ పడేసి వచ్చి పట్టుకున్నాడు. "ఆడు మందులేసుకుంతాడు. మనసుకి."

(కొందరు విద్యార్థుల అనుభవాలు కలిపి అల్లిన కథనమిది. అందుకే పేర్లు లేవు.)

ఆ మందుల కథ అంతకుముందుది. ఐటీఐ మొదటి ఏడాదిలో అతను వారం పాటు సరిగా నిద్రపోలేదు. అలసటా లేదు. సొంతంగా వర్క్‌షాపు పెడతానని అప్పు చేసి డ్రిల్లింగ్ మెషిన్‌కి అడ్వాన్సిచ్చాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆ ఊపు దిగాక మంచం దిగలేదు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే తండ్రి ససేమిరా అన్నాడు. ఆ పక్క వైస్ కుర్రాడే 14416కి ఫోన్ చేశాడు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరది. అలా డాక్టరు దాకా వెళ్లారు. బైపోలార్ అన్నారు, లిథియం రాశారు.

లిథియం ఖరీదైన మందేమీ కాదు. ఉన్మాదానికి అది పనిచేస్తుందని 1949లోనే ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ చూపించాడు. చిక్కల్లా కొలతతోనే. లీటరుకి 0.6 నుంచి 1 మిల్లీ ఈక్వివలెంట్ దాకా రక్తంలో ఉంటే మందు, ఒకటిన్నర దాటితే విషం. వెర్నియర్ మీద 0.02 మిల్లీమీటర్ తేడా వస్తే చేసిన ముక్కని పక్కన పడేసే ఫిట్టర్లకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. అతనికి ఎవరూ ఇలా విడమరచి చెప్పలేదు, అంతే.

షెడ్డులో తూలిన రోజుకి, ఫైలింగ్‌తో భుజం లాగేస్తుంటే మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్లలు కొనుక్కుని మూడు రోజులుగా మింగుతున్నాడు. పైగా ఎండ, చెమట, మధ్యాహ్నం దాకా చుక్క నీళ్లు లేకపోవడం. ఇవన్నీ కలిస్తే కిడ్నీలు లిథియాన్ని సరిగా బయటికి పంపలేవు. ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. లిథియం తాత్కాలికంగా ఆపి సెలైన్ ఎక్కించారు. నాలుగు రోజులకి తేరుకున్నాడు.

ఇన్‌స్ట్రక్టర్ ఆసుపత్రికి వచ్చాడు గానీ క్షమాపణ చెప్పలేదు. "రాత్రి మాత్రల మత్తు ఎన్నింటిదాకా ఉంటాది?" అని మాత్రం అడిగాడు. తర్వాత జరిగినవన్నీ చిన్న మార్పులే. పొద్దుట గ్రైండర్, లేత్ జోలికి పోనివ్వలేదు, మార్కింగ్ పనిచ్చాడు. మెషిన్ పని మధ్యాహ్నానికి మార్చాడు. వైస్ పక్కన నీళ్ల సీసా పెట్టించాడు. పరీక్షకి కూర్చోవాలంటే 80 శాతం హాజరుండాలి కాబట్టి, రక్త పరీక్షల రోజుల్లో మధ్యాహ్నమైనా వచ్చేలా చూశాడు. ఆ కుర్రాడి చదువు నిలబడటానికి ధైర్యవచనాల కన్నా ఆ టైంటేబులే ఎక్కువ పనికొచ్చిందని నాకనిపిస్తుంది.

సన్న వణుకు మాత్రం పోలేదు. మోచెయ్యి ఒంటికి ఆనించి, స్మూత్ ఫైల్‌తో పొట్టి స్ట్రోకులు వెయ్యడం నేర్చుకున్నాడు. ప్రాక్టికల్ పరీక్షలో అతను చేసిన రెండు ముక్కలూ ఒకదాన్లో ఒకటి దిగాయి. పరీక్షకుడు లైటుకి అడ్డంపెట్టి, సందు కోసం వెతికి, మార్కులేశాడు.

సర్టిఫికెట్ వచ్చింది. ఒక ఫ్యాక్టరీ అప్రెంటిస్‌గా తీసుకుంటానంది. తర్వాత నైట్ షిఫ్టులుంటాయట. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టవచ్చని డాక్టరు ముందే హెచ్చరించాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రుగ్మత కూడా ఉంది. వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే షిఫ్టు మార్చమని అడిగే దారి ఉంటుంది.

"ఆ కాయితం మీద పేరెక్కితే రేపు పిల్లనెవడిత్తాడ్రా?" అంటుంది తల్లి.

"నైట్ షిఫ్టులో పడిపోతే ఇత్తారేటమ్మా?" అంటాడు కొడుకు.

దరఖాస్తు ఇంకా నింపలేదు.