గుర్రాలశాలతో సహా పాత బంగళా అమ్మకానికి: పురానాపూల్ నుంచి ఫలక్‌నుమా దాకా

మీ ఫోన్లో కూడా ఇలాంటి రీల్స్ వచ్చే ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఏదో పల్లెటూరు. రెండు మూడొందల ఏళ్ళ నాటి బంగళా, చక్కగా బాగుచేసి పెట్టారు. వెనకాల గుర్రాలశాల, సవారీకి మైదానం. చివర్లో ధర చెప్పి, అమ్మకానికి ఉంది అంటారు. మనం "అబ్బో" అనుకుని పైకి తోసేస్తాం.

ఈరోజు అలాంటి ఇంటి కథే చెప్పుకుందాం, కానీ మన హైదరాబాద్ పాతబస్తీలో. అసలు అంత పెద్ద ఇల్లు కట్టినవాళ్ళు దాన్ని ఎందుకు వదులుకుంటారు? చేతులు మారిన ఇల్లు బతుకుతుందా, మారకుండా అక్కడే ఉన్న ఇల్లు బతుకుతుందా?

పురానాపూల్ దగ్గర మొదలుపెడదాం. మూసీ మీద కట్టిన మొదటి వంతెన ఇది. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. దాదాపు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. దీని గురించి ఒక గుర్రం కథ మీరు వినే ఉంటారు. యువరాజు మహమ్మద్ కులీ భాగమతిని చూడ్డానికి వరదలో గుర్రాన్ని దూకించాడట, కొడుక్కి ఏమవుతుందోనని తండ్రి వంతెన కట్టించాడట. కథ బాగుంది. కానీ మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి అబ్బాయికి పదమూడేళ్ళు! అందుకే చాలామంది చరిత్రకారులు ఈ కథని ఒప్పుకోరు.

అసలు కారణం వ్యాపారం. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా మచిలీపట్నం రేవుకి పోయే దారి ఇది. వజ్రాలు, బట్టలు, గుర్రాలు, ఎడ్లబళ్ళు అన్నీ నది దాటాలి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ వంతెనని చూసి, పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకి ఏమాత్రం తీసిపోదని రాశాడు. వరదలకి దెబ్బతింటే 1820లో సికందర్ జా బాగుచేయించాడు. ఇప్పుడు బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీద పోతాయి. పాత వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. అంటే దానికి ఇంకా ఒక పని ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

వంతెన దాటి చార్మినార్ వైపు వస్తే హుస్సేనీ ఆలం. ఇక్కడ ఖుర్షీద్ జా దేవిడీ ఉంది. దేవిడీ అంటే నవాబుల, జాగీర్దార్ల పెద్ద ఇల్లు. యూరప్ పద్ధతిలో ఎత్తయిన స్తంభాలు, ముందు విశాలమైన ఆవరణ. ఇది పైగా వంశం వాళ్ళది. తెలుగులో "పైగా" అంటే "అంతేకాకుండా" అని కదా, ఇది ఆ పైగా కాదు! పర్షియన్‌లో ఈ మాటకి హోదా అనీ, గుర్రాలశాల అనీ రెండు అర్థాలున్నాయి. మరాఠీలో "పాగా" అంటే ఇప్పటికీ గుర్రాలశాలే. నిజాం సొంత అశ్వదళాన్ని పోషించే బాధ్యత ఈ వంశానిది. దానికోసమే వాళ్ళకి ఊళ్ళకి ఊళ్ళు జాగీర్లుగా ఇచ్చారు. అంటే వంశం పేరులోనే గుర్రాలశాల ఉందన్నమాట.

ఇక్కడ లెక్క కొంచెం అర్థం చేసుకోవాలి. గుర్రం అంటే ఒకసారి కొనేసి ఊరుకునే వస్తువు కాదు. రోజూ ఉలవలు, గడ్డి కావాలి. లాడాలు కొట్టేవాడు, మాలిష్ చేసే సాయీసు, బగ్గీ తోలేవాడు కావాలి. ఇంటి సంగతీ అంతే. ఈ ఖర్చంతా ఎక్కణ్ణుంచి వచ్చేది? ఎక్కడో పల్లెలో రైతు కట్టిన శిస్తు నుంచి. బంగళా, గుర్రాలశాల మనకి కనిపించేవి. వాటి వెనకున్న పల్లె మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించదు.

ఖుర్షీద్ జాకి ఒక తమ్ముడు, వికారుల్ ఉమ్రా. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఈయన బావ కూడా. ఈయనకి ఊరి బయట, కొండ మీద ఒక ఇల్లు కావాలనిపించింది. చార్మినార్‌కి దక్షిణంగా ఐదు కిలోమీటర్ల దూరంలో, 1884లో పునాది వేశారు. అదే ఫలక్‌నుమా. ఆ పేరుకి ఆకాశంలా కనిపించేది అని అర్థం. పైనుంచి చూస్తే తేలు ఆకారం. ఇటలీ పాలరాయి, వందమందికి పైగా ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల, 60 గదులు, 22 హాళ్ళు, ఇవి కాక గుర్రాలశాలలు. పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది, ఖర్చు 40 లక్షలు అంటారు. గుర్రాలశాల పేరున్న వంశంలో పుట్టినాయన కూడా ఇల్లు పూర్తి చేయడానికి బ్యాంకులో అప్పు చేయాల్సి వచ్చింది.

తర్వాత జరిగింది హైదరాబాదీలు ఇలా చెప్పుకుంటారు. నిజాం అతిథిగా వచ్చారు. ఒకరోజుకని వచ్చి ఇంకొన్నాళ్ళు ఉన్నారు. ఇల్లు ఆయనకి బాగా నచ్చింది. భార్య సలహా మీద వికారుల్ ఉమ్రా ఇంటిని నజరానాగా సమర్పించారు. నిజాం ఊరికే పుచ్చుకోకుండా డబ్బు చెల్లించారు. 1897 ప్రాంతంలో ఇల్లు చేతులు మారింది. బోర్డు లేదు, బేరం లేదు. "ఇది మీదే హుజూర్" అన్న మర్యాద ఒక్కటే. కానీ మర్యాద తీసి పక్కన పెట్టి చూడండి, అది అమ్మకమే కదా?

కొన్నాయనకి గుర్రాలంటే ప్రాణం. మౌలాలీలో జరిగే గుర్రప్పందాల్ని 1886లో మలక్‌పేటకి మార్పించింది ఈయనే. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది కూడా ఫలక్‌నుమాలోనే. తర్వాత ఏడో నిజాం కింగ్ కోఠీలో ఉండిపోయారు. ఫలక్‌నుమా అతిథుల కోసం తెరిచే ఇల్లుగా మిగిలింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చారు. ఆ తర్వాత దాదాపు తాళమే.

ఎందుకంటే అప్పటికే అసలు దెబ్బ పడింది. 1948లో పోలీస్ చర్య, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. పల్లెల్లో రైతుకి అది ఊపిరి పీల్చుకునే రోజు. పాతబస్తీలో దేవిడీలకి మాత్రం ఆదాయం ఆగిపోయిన రోజు. మొదట పోయింది గుర్రాలు. తర్వాత నౌకర్లు. తర్వాత పైకప్పు కారడం మొదలైంది. వారసులు ఎక్కువ, వాటాలు ఎక్కువ, రిపేరు చేయించే చెయ్యి ఒక్కటీ లేదు. ఒక్క మన దగ్గరే కాదు, ఇంగ్లండ్‌లో కూడా 20వ శతాబ్దంలో పన్నులు కట్టలేక వందల బంగళాలు కూల్చేశారు. ఆ రీల్స్‌లో మనకి కనిపించేవి మిగిలినవి.

ఇప్పుడు అన్నదమ్ముల ఇళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తమ్ముడి ఇల్లు నిజాం కుటుంబానికి పోయింది. వాళ్ళు తాజ్ గ్రూపుకి లీజుకిచ్చారు. ముకర్రం జా మొదటి భార్య ఎస్రా బేగం దగ్గరుండి పదేళ్ళు బాగుచేయించారు. 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచారు. ఇప్పుడు కూడా అతిథుల్ని గేటు దగ్గర్నుంచి గుర్రపు బగ్గీలో తీసుకెళ్తారు. అన్న ఇంటి ఆవరణలో ఆడపిల్లల ప్రభుత్వ కాలేజీ నడిచింది, ముందు మైదానంలో గల్లీ పిల్లలు క్రికెట్ ఆడారు, భవనం మాత్రం ఏళ్ళ తరబడి పాడుబడింది. మరమ్మతులు మొదలైంది ఈమధ్యనే. చార్మినార్ దగ్గరి మాల్‌వాలా ప్యాలెస్‌కి ఆ అదృష్టం కూడా లేదు. దాన్ని 2000లో కూల్చేశారు.

అయితే అమ్మేస్తేనే బతుకుతాయా? ఇల్లు చేతులు మారడం ఒక్కటే సరిపోదు. పురానాపూల్ని ఎవరూ కొనలేదు, అయినా నిలబడింది, ఎందుకంటే రోజూ వేలమంది దానిమీద నడిచారు, అమ్మారు, కొన్నారు. ఫలక్‌నుమాకి హోటల్ అనే పని దొరికింది. కానీ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళాలంటే గది ఖర్చో, భోజనం ఖర్చో పెట్టుకోవాలి. ఖుర్షీద్ జా మైదానంలోకి పిల్లలు ఉత్తి కాళ్ళతో పరిగెత్తుకుంటూ వెళ్ళారు. పైకప్పు నిలబడాలి, పిల్లలకి తలుపు మూసుకుపోకూడదు. మరమ్మతులు పూర్తయ్యాక హుస్సేనీ ఆలంలో తేలాల్సింది ఇదే.

ఈసారి పాతబస్తీకి బిర్యానీ కోసం వెళ్ళినప్పుడు, పురానాపూల్ మీద ఒక పావుకిలో టమాటాలు కొని, అక్కణ్ణుంచి నడుచుకుంటూ ఆ దేవిడీ దాకా వెళ్ళండి. ఆ స్తంభాల ముందు నిలబడి చూసి, అది దేనికి పనికొస్తే బాగుంటుందో మీరే చెప్పండి. మళ్ళీ కలుద్దాం.