గంజాము కోట చెప్పు కథ

పలాసలో రైలెక్కి ఉత్తరముగా పోవువారికి సోంపేట, ఇచ్ఛాపురము, బరంపురము, ఛత్రపురము దాటిన పిమ్మట ఋషికుల్యా నది అడ్డము వచ్చును. ఆ నది సముద్రమున కలియు చోటికి సమీపమున, ఉత్తరపు గట్టున, గంజాము అను చిన్న పట్టణమున్నది. అచ్చటి పాడుబడిన కోటను ఒడియావారు పోటాగడ అందురు. పలాసకు అది సుమారు నూరు కిలోమీటర్ల దూరము. ఒక దినములో పోయి రావచ్చును.

పెద్దలారా! తీరపు కోటను చూడబోవుటకు ఒడిస్సా వరకు ఏల పోవలెనని మీరు అడుగవచ్చును. మన తీరమున బారువ, కళింగపట్నము వంటి పాత రేవులు కలవు గాని, అట్టి కోట కానరాదు. మఱియు గంజాము మనకు పరాయిది కాదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రము ఏర్పడు వరకు టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము సీమలన్నియు గంజాము జిల్లాలోనివే. ఆ దినమున ఇవి విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లాలోనికి వచ్చినవి. కావున మన తాతముత్తాతల పన్నుల లెక్కలు, భూముల తగవులు మొదట చేరిన కచేరీ ఆ కోటను ఆశ్రయించియే పుట్టినది.

కోటను చూడబోవువారు గోడల పొడవును, ఫిరంగుల సంఖ్యను అడుగుట పరిపాటి. అంతకంటె ముందు అడుగదగిన ప్రశ్నలు మూడు కలవు. దీనిని ఏల కట్టిరి? దీని ఖర్చు ఎవరు మోసిరి? ఇది ఏల పాడుపడెను?

1765లో మొగలు చక్రవర్తి షా ఆలము ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కుంఫిణీకి ఫర్మానా ద్వారా ఇచ్చెను. మరుసటి యేడు నైజాము అందుకు సమ్మతించెను. కాగితము చేతికి వచ్చినది గాని, నేల చేతికి రాలేదు. కొండల అంచున ఉన్న సంస్థానాధీశులు క్రొత్త దొరలకు కప్పము కట్టుటకు ఒప్పుకొనలేదు. పర్లాకిమిడి ప్రభువు గజపతి నారాయణదేవు ఎదిరించి నిలిచెను. 1768లో మన జలుమూరు వద్ద కర్నల్ పీచ్ అను సేనాని ఆయనను ఓడించెను. ఆ యేడే ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అను కుంఫిణీ ఉద్యోగి గంజామును స్వాధీనము చేసికొని, అచ్చట కోటకు పూనుకొనెను. అనగా ఆ కోట సముద్రమువైపు ఎంత చూచెనో, మన కొండలవైపును అంతయే చూచెను.

దాని ఆకారము నక్షత్రమును బోలియుండును. పూర్వపు కోటలకు ఎత్తైన గోడలు బలము. ఫిరంగులు వచ్చిన తరువాత ఎత్తైన గోడ గుండునకు సులభమైన గురి అయ్యెను. అందుచేత గోడలను తగ్గించి, మందము పెంచి, మూలలను కొమ్ములవలె ముందుకు చాచిరి. ఒక బురుజు ముందరి నేలను ప్రక్క బురుజునుండి కాల్చవచ్చును. శత్రువు దాగుటకు మఱుగు దొరకదు. ఈ మాట తెలిసి చూచినచో ఆ మట్టిదిబ్బలలోని లెక్క కంటికి తోచును.

ఇక ఖర్చు సంగతి. ఈ తీరమున పెద్ద ఓడలు ఒడ్డు చేరలేవు. దూరమున లంగరు వేసిన ఓడలకును ఒడ్డునకును నడుమ, కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలు కుట్టిన పడవలపై మన తీరపు జాలరులవంటి వారే అలలకు ఎదురేగి సరకులు మోసిరి. భూమినుండి పేష్కషు, సముద్రమునుండి ఉప్పు: ఇవి రెండును సర్కారునకు పెద్ద రాబడులు. 1802 నాటి శాశ్వత పైసలా చట్టముతో జమీందారు కట్టవలసిన పేష్కషు స్థిరమయ్యెను. రైతు కట్టవలసినది మాత్రము స్థిరము కాలేదు. 1805లో కుంఫిణీవారు ఉప్పును తమ గుత్తసొమ్ము చేసికొనిరి. గంజాము చెంత హుమ్మాలోను, టెక్కలి చెంత నౌపడలోను ఉన్న ఉప్పుమడులు నేటికిని ఆ సంగతిని జ్ఞప్తికి తెచ్చును. జమీందారీ భారము ఎంతవరకు పెరిగెనో ఎఱుగగోరువారు మందసా సీమలోని గుడారి రాజమణిపురమును తలచుకొనవలెను. 1940 ఏప్రిలు 1న అచ్చట జరిగిన కాల్పులలో నిండు గర్భిణియైన గున్నమ్మ ప్రాణము విడిచెను.

మూడవ ప్రశ్నకు జవాబు చిన్నది. గంజాము జిల్లా కచేరీని అచ్చటినుండి వెడలగొట్టినది ఏ శత్రుసైన్యమును కాదు. 1815లో విషజ్వరము వ్యాపించెను. దొరలు ఊరు విడిచిరి. జిల్లా ముఖ్యస్థానము తరలిపోయి, తుదకు ఛత్రపురమున నిలిచెను. ఫిరంగికి లొంగకుండునట్లు కట్టిన బురుజులు జ్వరమునకు అడ్డుపడలేదు. అధికారులకు ఇంకొక ఊరు దొరకినది. జాలరులకును, ఉప్పుకూలీలకును పోవుటకు చోటేది?

ఈ మాట ఉద్దానము వారికి వేరుగ విప్పి చెప్పనక్కర లేదు. కొబ్బరితోటల నడుమ మన పల్లెలలో మూత్రపిండముల వ్యాధి ఎందరిని బలిగొన్నదో ప్రతి గడపకు తెలియును. దానికి కారణము ఇదియేయని శాస్త్రజ్ఞులు ఇంకను నిశ్చయింపలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండముల పరిశోధనాలయము ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు నీరు తెచ్చు పథకమును ఆ దినమే ప్రారంభించిరి. అదే యేడు ఏప్రిలులో మూలపేట వద్ద క్రొత్త రేవునకు శంకుస్థాపన జరిగెను. రేవులు రావలసినదే. కాని ఆ రేవు చెంత బ్రదుకువారు త్రాగు నీరెట్టిదో, వారి యొడలెట్లున్నదో మొదట విచారింపవలెనని గంజాము కోట మనకు చెప్పుచున్నది.

పెద్దలు చేయదగిన పని యొకటి కలదు. ఏ బావి నీరు ఎప్పుడు మారెను, ఏ చెరువు ఎప్పుడు పూడెను, ఏ వీధిలో జబ్బు మొదట కనబడెను అనునది మీకు తెలిసినంత కచేరీ దస్తావేజులకు తెలియదు. దానిని తేదీలతో వ్రాయించి పంచాయతీలో ఉంచుడు. పాత పట్టాలను, పన్ను రసీదులను చెదలకు విడువకుడు. మనుమలు కోట చూచుటకు పోవునప్పుడు గోడలపై పేర్లు చెక్కవద్దని, ఇటుక తీసికొని రావద్దని చెప్పి పంపుడు. తిరిగి వచ్చిన నాటి రాత్రి వారిని చెంత కూర్చుండబెట్టికొని, జలుమూరు యుద్ధమును, నౌపడ ఉప్పును, ఊరు విడువలేక ఆ జ్వరమునందే నిలిచిపోయిన వారిని గూర్చి కూడ చెప్పుడు.