కర్కాభాట్ సమాధులు

ఛత్తీస్‌గఢ్‌లో బాలోద్ నుంచి ధమ్తరి వెళ్లే దారిలో ఉన్న బృహత్‌శిలా సమాధుల క్షేత్రం కర్కాభాట్. 2012లో బాలోద్ వేరు జిల్లా అయ్యేదాకా ఈ ఊరు భిలాయి ఉన్న దుర్గ్ జిల్లాలోనిదే.

దూరం నుంచి చూస్తే పొలంలో ఏరి పోసిన రాళ్లకుప్పల్లా ఉంటాయీ సమాధులు. దగ్గరికెళ్తే కుప్పలో పాతిన నిలువురాయి కనిపిస్తుంది. ఈ ప్రాంతంలోనే ధనోరాలో 1956-57లో ఎం.జి. దీక్షిత్, కర్కాభాట్‌లో 1990-91లో అరుణ్ కుమార్ శర్మ తవ్వకాలు జరిపారు. కర్కాభాట్‌లో బాణపు ములుకులు, కత్తుల వంటి ఇనుప వస్తువులు బయటపడ్డాయి. ఇలాంటి కట్టడాలను తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్లంటారు. అంతంత బండలు మనుషులు ఎత్తగలరంటే ఎవరు నమ్ముతారు మరి!

సమాధి కళ అనగానే ఈజిప్టే గుర్తొస్తుంది. అక్కడివాళ్లు తమ నమ్మకాలను రాసిపెట్టుకున్నారు. సక్కారాలోని ఉనాస్ పిరమిడ్ లోపలి గోడల నిండా క్రీ.పూ. 2350 ప్రాంతంలో చెక్కిన మంత్రాలున్నాయి. మమ్మీ పరలోకంలో తిని మాట్లాడగలగాలని బాడిసలాంటి పనిముట్టును దాని నోటికి తాకించేవారు. తర్వాతి కాలపు చిత్రాల్లో చనిపోయినవాడి గుండెను మాత్ దేవత ఈకతో తూచడం కనిపిస్తుంది.

టూటన్‌ఖామున్ మమ్మీ కట్ల మధ్య 1925లో దొరికిన బాకుది ఉల్క ఇనుమని 2016లో తేలింది. అందులో నికెల్ దాదాపు 11 శాతం. ఇనుము కరిగించడం ఇంకా రాని ఆ దేశంలో అది రాజుకే దక్కే అపురూపం. కర్కాభాట్‌లో సమాధిలోకి వెళ్లింది వేటకూ కోతకూ పనికొచ్చే సరంజామా. పైలోకంలోనూ అవసరపడతాయని పెట్టారా, పోయినవాడి వస్తువులు ఇంట్లో ఉంచకూడదని పెట్టారా? రాత లేదు కాబట్టి రెండోదాన్నీ కొట్టిపారేయలేం.

తెలుగునాట మట్టి శవపేటికలూ దొరికాయి. కడప జిల్లా శంకవరంలో పొట్టేలు ఆకారంలో, కాళ్లతో సహా చేసిన పేటిక దొరికింది. నా లెక్కలో బంగారు మమ్మీ పెట్టెల పక్కన పెట్టినా అది వెలవెలబోదు.

కర్కాభాట్‌కు దక్షిణాన బస్తర్‌లో పోయినవారికి రాయి నిలిపే ఆచారం ఇంకా బతికే ఉంది. అక్కడి మారియా గోండులు చనిపోయినవారి కోసం రాళ్లు నిలబెడతారు, చెక్క స్తంభాలు చెక్కుతారు. దంతేవాడ దగ్గరి గామావాడ స్తంభాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కొత్తగా నిలిపే వాటిపై పులులూ పక్షులతోపాటు సైకిళ్లూ బస్సులూ రంగుల్లో కనిపిస్తాయి.